వచ్చాక చేరదామనుకునేవాళ్ల కోసం

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో శాంటా క్రూజ్ అనే సముద్రతీర పట్టణం ఉంది. తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడిన శాన్ హోసే, సన్నీవేల్ ఊళ్ల నుంచి కొండదారి దాటితే వచ్చేస్తుంది. అక్కడి చిన్న పడవల రేవు పక్కన, ఇసుకలో, శనివారం పొద్దున కొందరు మడతకుర్చీలు వేసుకుని ఉకులేలే అనే బుల్లి తీగవాద్యం వాయిస్తూ పాడుకోవడం ఏళ్లుగా వస్తున్న ఆనవాయితీ. అటుగా నడిచి వెళ్లేవాళ్లు ఎవరైనా వచ్చి కూర్చోవచ్చు. అదే ఊళ్లో 2000ల ఆరంభంలో మొదలైన ఉకులేలే క్లబ్ బాచీస్ సెల్లార్ అనే పాత రెస్టారెంట్లో నెలకోసారి కలుస్తూ వందల మందిని పోగేసుకుంది. ఆ క్లబ్ కథతో 'అండర్ ద బోర్డ్‌వాక్' అనే డాక్యుమెంటరీ కూడా వచ్చింది.

ఇలాంటి చోటికి వెళ్లాలని మనసులో ఉన్నవాళ్లను ఆపేది చాలాసార్లు డబ్బూ కాదు, తీరికలేమీ కాదు. "ముందు ఇంట్లో కాస్త నేర్చుకుని, చేయి తిరిగాక వెళ్దాం, ఇప్పుడే వెళ్తే నలుగురిలో నవ్వులపాలు" అన్న ఆలోచన. పైకి ఇది వినయంలాగే కనిపిస్తుంది. కొన్న ఉకులేలే నాలుగు నెలలకల్లా అటక ఎక్కడానికి మాత్రం ఇదే రాజమార్గం. ఒంటరిగా కూర్చుని నేర్చుకునేవారికి తప్పు పోయిన ప్రతి చోటా ఆగే వెసులుబాటు ఉంటుంది. ఆగడం అలవాటవుతుంది. ఆగి ఆగి వాయించిన పాట పాటలా వినిపించదు కాబట్టి విసుగు పుడుతుంది. ఈ అధ్యాయం చెప్పేది ఒకటే విషయం: ఉకులేలే వచ్చాక క్లబ్‌లో చేరడం కాదు, క్లబ్‌లో చేరితేనే ఉకులేలే త్వరగా వస్తుంది. అయితే క్లబ్ అన్నీ నేర్పదు. నేర్పనివి ఏమిటో కూడా ముందే తెలిసి ఉండాలి.

పల్లెటూళ్లలో పెరిగినవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. ధనుర్మాసం తెల్లవారుజామున రామాలయంలో భజనకు వచ్చిన కుర్రాణ్ణి ముందు తాళం నేర్చుకుని రమ్మని ఎవరూ తిప్పి పంపరు. చేతికి ఒక జత చిడతలిచ్చి వెనక కూర్చోబెడతారు. మొదటి వారం అతని దెబ్బలన్నీ పక్కదారే. హార్మోనియం, డోలక్ మోతలో అవి ఎవరికీ పట్టవు. సంక్రాంతి నాటికి చేయి దానంతటదే పడుతుంది. ఎవరు నేర్పారురా అంటే చెప్పలేడు. ఉకులేలే క్లబ్ నడిచే తీరూ అచ్చం ఇంతే. కాకపోతే అక్కడ రామకీర్తన స్థానంలో బీటిల్స్ పాట ఉంటుంది.

ఈ వాద్యమే ఎందుకు?

1879 ఆగస్టు 23న రావెన్స్‌క్రాగ్ అనే ఓడ పోర్చుగల్‌కు చెందిన మదీరా దీవి నుంచి నాలుగు వందల మందికి పైగా ప్రయాణికులతో హవాయిలోని హొనొలులు రేవు చేరింది. చెరకు తోటల్లో కూలికి వచ్చినవాళ్లు, వాళ్ల కుటుంబాలు. వారిలో మాన్యుయెల్ నూనెస్, అగుస్తో దియాస్, జోసే దో ఎస్పిరితో సాంతో అనే ముగ్గురు కొయ్యపనివాళ్లు ఉన్నారు. తోటపని గడువు తీరాక వాళ్లు హొనొలులులో దుకాణాలు పెట్టుకున్నారు. తమ దీవిలో వాయించే మాషెత్ అనే నాలుగు తీగల చిన్న వాద్యానికి మార్పులు చేశారు, శృతి కట్టే తీరు మార్చారు, హవాయిలో పెరిగే కోవా చెట్టు కలప వాడారు. అలా తయారైందే ఉకులేలే. అప్పటి హవాయి రాజు కలాకౌవాకు ఇది నచ్చి రాజసభ వేడుకల్లో చోటిచ్చాడు. కూలీల బతుకులోంచి వచ్చిన వాద్యం కొద్ది ఏళ్లలోనే రాజుగారి విందుల దాకా వెళ్లింది.

1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన పనామా-పసిఫిక్ ప్రదర్శనలో హవాయి మంటపం దగ్గర దీన్ని విన్న అమెరికన్లు వెర్రెత్తిపోయారు. ఆ మరుసటి ఏడాది శామ్యూల్ కమాకా హొనొలులులో మొదలుపెట్టిన కార్ఖానా ఇప్పటికీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. ఆ తర్వాత ఉకులేలే ఒకసారి పైకి లేచింది, ఒకసారి నవ్వులాటలా మారింది, మళ్లీ లేచింది. 1993లో ఇజ్రాయెల్ కమాకావివోఒలే ఆల్బమ్‌లో వచ్చిన 'ఓవర్ ద రెయిన్‌బో', ఒక్క గొంతు, ఒక్క ఉకులేలే, ప్రపంచమంతా తిరిగింది. 2006 ప్రాంతంలో జేక్ షిమాబుకురో న్యూయార్క్ పార్కులో వాయించిన జార్జ్ హారిసన్ పాట వీడియో ఇంటర్నెట్లో పాకింది. ఈ నాలుగు తీగల బుల్లి పెట్టెలో ఇంత ఉందా అని అప్పటిదాకా నవ్వినవాళ్లే అడిగారు.

చరిత్ర అలా ఉంచితే, గుంపులో కూర్చుని నేర్చుకోవడానికి ఇంత అనువైన వాద్యం మరొకటి దొరకడం కష్టం. కారణం దాని నిర్మాణంలోనే ఉంది. నాలుగు తీగల్ని మామూలుగా జి, సి, ఇ, ఎ స్వరాలకు కడతారు. సి ని షడ్జమం అనుకుంటే అవి వరుసగా ప, స, గ, ద. కర్ణాటక సంగీతం కాస్త తెలిసినవారికి వెంటనే తడుతుంది: మోహన రాగం స్వరాల్లో రిషభం ఒక్కటే లేదు. అంటే మెట్టు ఏదీ నొక్కకుండా, వట్టి తీగల మీద వేలు జార్చినా చెవికి ఇంపుగానే ఉంటుంది. సి శృతిలో నలభై మంది వాయించే పాటలో కొత్తవారు కార్డు (కలిపి పలికించే స్వరాల జట్టు) అందక వట్టి తీగలు మీటేసినా ఎవరి ముఖమూ చిట్లదు. గిటారులో ఆ పని చేస్తే పక్కవాళ్లు తిరిగి చూస్తారు.

ఇంకొకటి. గడ్డం వైపు ఉండే మొదటి తీగ గిటారులోలాగా అన్నిటికన్నా మంద్రంగా ఉండదు, పక్క రెండు తీగల కన్నా హెచ్చు స్వరంలో పలుకుతుంది. దాంతో నాలుగు స్వరాలూ ఒకే గుప్పిట్లో ఉన్నట్టు దగ్గర దగ్గరగా పలుకుతాయి, మోత తక్కువ, గలగల ఎక్కువ. తీగలు నైలాన్‌వి, ఉక్కువి కావు. వేళ్ల చివర్లు మొదటి వారం మండుతాయి గానీ గిటారంత బాధ పెట్టవు.

అన్నిటికీ మించి నోరు ఖాళీగా ఉంటుంది. పిల్లనగ్రోవి వాయించేవారు పాడలేరు. ఉకులేలే పట్టుకున్నవారు పాడకుండా ఉండలేరు. కెనడాలోని హాలిఫాక్స్ నగర పాఠశాలల్లో సంగీత విద్యను నడిపిన చాల్మర్స్ డోన్ 1960ల చివర్లో తరగతి గదుల్లోకి ఉకులేలేను తెచ్చాడు. పాడటం, స్వరం చదవడం, కలిసి వాయించడం మూడింటినీ ఒకే వాద్యంతో పిల్లలకు పట్టించాడు. ఆ పద్ధతి కెనడా అంతా పాకింది. ఇప్పుడు పెద్దల క్లబ్బులు చేస్తున్నది ఆ తరగతి గది పనే, బెత్తం లేకుండా.

కలిసి పాడటం మనుషుల్ని ఎంత వేగంగా దగ్గర చేస్తుందో చూపిన అధ్యయనం ఒకటుంది. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఐలూనెడ్ పియర్స్, జాక్ లానే, రాబిన్ డన్బార్ దాన్ని ప్రచురించారు. పెద్దల కోసం ఏడు నెలలు నడిచిన పాటల తరగతులను, చేతిపనుల, రచనా తరగతులతో పోల్చారు. ఏడో నెలకు అన్ని తరగతుల్లోనూ జనం ఒకరికొకరు దాదాపు ఒకేలా దగ్గరయ్యారు. తేడా అంతా మొదట్లోనే. పాడినవాళ్లు తొలి రోజుల్లోనే కలిసిపోయారు, మిగతావాళ్లకు సమయం పట్టింది. ఆ అధ్యయనం ఉకులేలే గురించి కాదు, పాట గురించి. అయినా పేర్లు కూడా తెలియని మనుషుల మధ్య కూర్చోవడానికి జంకేవారికి ఇది పనికొచ్చే సంగతి: ఆ జంకు పాటల తరగతిలో ఎక్కువ రోజులు నిలవదు.

కొనేటప్పుడు

ఉకులేలేలు ప్రధానంగా నాలుగు సైజుల్లో దొరుకుతాయి. సొప్రానో సుమారు 21 అంగుళాలు, కన్సర్ట్ 23, టెనర్ 26, బారిటోన్ 30. మొదటి మూడింటికీ శృతి ఒకటే, కాబట్టి వేళ్లు పెట్టే చోట్లూ ఒకటే. బారిటోన్ వేరు. దాన్ని డి, జి, బి, ఇ లకు కడతారు, అంటే గిటారు చివరి నాలుగు తీగల్లాగే. పెద్దగా ఉంది, గంభీరంగా పలుకుతోంది అని ముచ్చటపడి బారిటోన్ కొన్నవారు క్లబ్‌లో అందరూ 'సి' అన్నప్పుడు తమ వేళ్లతో వేరే కార్డు పలికిస్తూ బిక్కముఖం వేస్తారు. వేళ్లు లావుగా ఉన్నవారికి, పెద్ద చేతులవారికి సొప్రానో మెట్లు ఇరుకనిపిస్తాయి. వారికి కన్సర్ట్ సైజు హాయి.

బొమ్మల దుకాణంలో రంగురంగుల్లో వేలాడేవి కొనకపోవడమే మేలు. చూడటానికి తేడా తెలియదు, శృతి నిలవదు. దుకాణంలోనే చిన్న పరీక్ష చేయవచ్చు. ఒక తీగను పన్నెండో మెట్టు మీద నొక్కి మీటాలి. అదే స్వరం వట్టి తీగ కన్నా సరిగ్గా ఒక స్థాయి పైన పలకాలి. పలకకపోతే ఆ ఉకులేలే మెడ కిందికి వెళ్లేకొద్దీ అపశృతి పెరుగుతూనే ఉంటుంది, ఎంత సాధన చేసినా అది వాయించేవారి తప్పు కాదు. తీగలు మెట్లకు మరీ ఎత్తులో ఉన్నా వేళ్లు నొప్పెడతాయి. బిరడాలు తిప్పి వదిలితే జారిపోకూడదు.

వీటి తర్వాత తప్పనిసరిగా కొనవలసింది క్లిప్ ట్యూనర్. వాద్యం తలకు బట్టల క్లిప్పులా తగిలించే చిన్న పరికరం. ఫోన్‌లో ఉచితంగా యాప్ దొరుకుతుండగా దీనికి ఖర్చెందుకు అనుకునేవారుంటారు. ఇంట్లో అయితే నిజమే. క్లబ్‌లో ముప్ఫై మంది ఒకేసారి బిరడాలు తిప్పుతున్నప్పుడు ఫోన్ మైకు ఎవరి తీగ వినాలో తేల్చుకోలేదు. క్లిప్ ట్యూనర్ గాలిలో శబ్దాన్ని కాక కొయ్యలోని కంపనాన్ని పట్టుకుంటుంది, పక్కవాళ్ల గోల దానికి పట్టదు. కొత్త నైలాన్ తీగలు కొద్ది రోజులపాటు సాగుతూనే ఉంటాయి. పొద్దున కట్టిన శృతి సాయంత్రానికి దిగిపోతుంది. వాద్యం పాడైందని కంగారుపడి దుకాణానికి పరుగెత్తనవసరం లేదు.

మొదటి సాయంత్రం

క్లబ్ కూర్చునే తీరు ఊరికో రకం. సారాంశం మాత్రం ఒకటే. ముందు ఒకరో ఇద్దరో నడిపిస్తారు. పాటల కాగితాల్లో సాహిత్యం ఉంటుంది, పదాల పైన కార్డుల పేర్లు ఉంటాయి. పాశ్చాత్య స్వరలిపి చాలాచోట్ల కనిపించదు. కొన్నిచోట్ల పాట తెర మీద పడుతుంది. ఇళ్లలోనూ క్లబ్బుల్లోనూ తిరిగే పాటల పుస్తకాల్లో జిమ్, లిజ్ బెలాఫ్‌లు 2010లో తెచ్చిన 'ద డైలీ ఉకులేలే' పేరు ఎక్కువగా వినిపిస్తుంది. రోజుకొక్కటి చొప్పున 365 పాటలు. ఈ జిమ్ బెలాఫ్ 1990ల ఆరంభంలో కాలిఫోర్నియాలో పాత సామాన్ల సంతలో ఒక ఉకులేలే కొని దాని మాయలో పడినవాడే.

కొత్తగా వచ్చినవారు పావుగంట ముందే చేరితే శృతి చేసుకోవడానికీ, ఎవరో ఒకరితో మాట కలపడానికీ వీలుంటుంది. ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న విషయంలా అనిపిస్తుంది, కాదు. నడిపించేవారి ఎడమచేయి స్పష్టంగా కనపడే చోట కూర్చోవాలి. కాగితం మీద 'ఎఫ్' అని చదివి, ఆ పేరును గుర్తు తెచ్చుకుని, వేళ్లకు చెప్పేలోపు పాట పదం దాటిపోతుంది. ఎదుటి చేతిని చూసి వేసే వేలు మాత్రం వెంటనే పడుతుంది. చాలామంది సిగ్గుతో మూలకు పోయి ఈ సౌకర్యాన్ని పోగొట్టుకుంటారు. వెనక వరుస తప్పు కాదు, చూపు అందని వెనక వరుసే తప్పు.

ముందు రోజు ఇంట్లో మూడు కార్డులు చూసుకుని వెళ్తే చాలు. 'సి' కి ఒక్క వేలు: కింది తీగ మూడో మెట్టు మీద ఉంగరపు వేలు. 'ఎ మైనర్' కి కూడా ఒక్కటే: పై తీగ రెండో మెట్టు మీద మధ్యవేలు. 'ఎఫ్' కి ఆ మధ్యవేలు కదపకుండా అక్కడే ఉంచి, ఇ తీగ మొదటి మెట్టు మీద చూపుడువేలు చేర్చాలి. ఎ మైనర్ నుంచి ఎఫ్‌కు వెళ్లేటప్పుడు కొత్తవాళ్లు చేసే పొరపాటు చేతిని మొత్తం ఎత్తేయడం. మధ్యవేలిని ఉన్నచోటే ఉంచితే సగం పని అయిపోయినట్టే. అందరినీ కాస్త ఏడిపించేది 'జీ సెవెన్'. సి తీగ రెండో మెట్టు, ఇ తీగ మొదటి మెట్టు, ఎ తీగ రెండో మెట్టు మీద మూడు వేళ్లు చిన్న త్రిభుజంలా కూర్చోవాలి. మొదటి సాయంత్రం దాని జోలికి వెళ్లకపోయినా పరవాలేదు.

మరి జీ సెవెన్ వచ్చిన చోట ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. తీగల మీద అరచేయి ఆనించి శబ్దం ఆపి, పాడుతూ, తర్వాతి సి కోసం ఎదురుచూడాలి. కొన్ని క్లబ్బుల్లో పాతవాళ్లే ఈ కిటుకు చెబుతారు. దీన్ని మోసమనుకునేవారు ఉంటారు. అది మోసం కాదు, తాళంలో ఉండటం. కార్డు ఒకటి తప్పినా పాట ఆగదు, తాళం తప్పితే పక్కనున్న ఇద్దరి చేతులూ తడబడతాయి. కుడిచేతి సంగతీ అంతే. పైకీ కిందికీ వేగంగా ఊపే స్ట్రమ్మింగ్ చూసి బెంబేలెత్తనక్కర్లేదు. చూపుడువేలు గోటితో, మెడ పెట్టెను కలిసే చోట, ప్రతి నాలుగు దెబ్బలకు మొదటి దెబ్బ ఒక్కటే వేస్తే చాలు. ఆ ఒక్క దెబ్బ సరిగ్గా పడటం మొదలయ్యాక రెండోది దానంతటదే వస్తుంది.

పాట మధ్యలో దారి తప్పినవారికి ఇంకో మాట. వెనక్కి వెళ్లి తప్పిన పదం దగ్గర మొదలుపెట్టడానికి వీల్లేదు, గుంపు ఎక్కడుందో అక్కడ కలవాలి. ఒంటరి సాధన నేర్పలేనిది, క్లబ్ ఒక్క సాయంత్రంలో నేర్పేది ఇదే: తప్పును దాటి ముందుకు పోవడం.

క్లబ్ నేర్పనివి

క్లబ్బుల్ని పొగిడేవారు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. యాభై మంది ఒకేసారి ఒకే తీరున మీటుతుంటే ఎవరి వాద్యం ఎలా పలుకుతోందో వారికే వినపడదు. వేలు మెట్టు అంచుకు చేరకుండా మధ్యలో పడి తీగ బుసకొడుతోందా, పక్క తీగకు తగిలి మూగబోయిందా అనేది తెలియదు. ఇలా ఏడాదిపాటు ఉత్సాహంగా వాయించినవారు ఒకరోజు ఇంట్లో చుట్టాల ముందు ఒంటరిగా వాయించి, తమ చేతి నుంచి వస్తున్న శబ్దం విని తామే నివ్వెరపోతారు. దీనికి మందు క్లబ్‌లో లేదు, ఇంట్లో ఉంది. రోజూ పది నిమిషాలు, ఆదివారం ఒకేసారి గంట కాదు. ఆ పది నిమిషాల్లో పాటలు వద్దు. ఒక కార్డు పట్టి, నాలుగు తీగల్నీ ఒక్కొక్కటిగా మీటి, నాలుగూ శుభ్రంగా పలికేదాకా వేళ్లు సర్దుకోవాలి. తర్వాత గడియారం పెట్టుకుని సి నుంచి ఎఫ్‌కు నిమిషంలో ఎన్నిసార్లు మారగలరో లెక్కపెట్టుకోవాలి. పుస్తకం పక్కన ఆ అంకె రాసుకుంటే చాలు, సాధన ముందుకు పోతోందో లేదో అదే చెబుతుంది.

రెండో లోపం వేగం. పాతవారు ఎక్కువైన క్లబ్‌లో పాటలు ఏటేటా వేగం పుంజుకుంటాయి, పుస్తకం లావెక్కుతుంది, కొత్తవారికి పట్టు దొరకదు. మంచి క్లబ్బులు అసలు సమావేశానికి ముందు అరగంట కొత్తవారికి విడిగా కేటాయిస్తాయి. అలాంటి ఏర్పాటు లేని చోట అడగాలి. అడిగినా పట్టించుకోకపోతే వేరే క్లబ్ వెతుక్కోవడంలో నామోషీ ఏమీ లేదు.

మూడోది, అందరూ ఒకటే వాయించడం. 1985లో జార్జ్ హించ్‌లిఫ్, కిటీ లక్స్ మొదలుపెట్టిన 'ఉకులేలే ఆర్కెస్ట్రా ఆఫ్ గ్రేట్ బ్రిటన్' బృందం ఈ విషయంలో చూడదగ్గది. రకరకాల సైజుల ఉకులేలేలు పట్టుకుని ఒకరు తాళం, ఒకరు మంద్ర స్వరాలు, ఒకరు రాగం ఇలా పంచుకుంటారు, మధ్యమధ్యలో నవ్విస్తారు. 2009లో లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్‌లో బీబీసీ ప్రామ్స్ కచేరీకి వాళ్లు శ్రోతలను కూడా తమ ఉకులేలేలు తెచ్చుకోమన్నారు. వెయ్యి దాకా ఉకులేలేలు ఒక్కసారిగా బీథోవెన్ 'ఓడ్ టు జాయ్' వాయించాయి. అంత మందికి పనికొచ్చిందంటే ఆ రాగం పక్కపక్క స్వరాల మీద మెట్లెక్కినట్టు నడిచే తేలికైన రాగం కాబట్టే. క్లబ్ నడిపేవారు గుంపును రెండుగా చేసి, సగం మందికి కార్డులు, సగం మందికి ఒక్కో తీగ మీద రాగం ఇచ్చి చూస్తే గది రూపమే మారిపోతుంది.

ఊళ్లో క్లబ్ లేకపోతే

కడపలోనో ఖమ్మంలోనో ఉండేవారికి పక్క వీధిలో ఉకులేలే క్లబ్ దొరుకుతుందని ఆశించలేం. నలుగురు దొరికితే మొదలుపెట్టవచ్చు. అపార్ట్‌మెంట్ కమ్యూనిటీ హాలు, గ్రంథాలయం వెనక గది, పార్కులో బల్ల, ఏదైనా సరిపోతుంది. డప్పూ డోలూ కావు కాబట్టి పక్క ఫ్లాట్ వాళ్ల ఫిర్యాదు భయం లేదు. రోజు, వేళ మారకుండా ఉండటం అన్నిటికన్నా ముఖ్యం. ఈసారి ఎప్పుడు కలుద్దాం అని వాట్సాప్‌లో ఓటింగు మొదలైన గుంపు ఎక్కువ కాలం నిలవదు.

పాటల దగ్గరే అసలు తర్జనభర్జన. ఉకులేలే మీద గమకం పలకదు. మెడ పొట్టిది, మెట్లు బిగించి ఉంటాయి, స్వరం పుట్టిన వెంటనే సన్నగిల్లుతుంది. తోడి, కానడల జోలికి వెళ్లడం వృథాశ్రమ. పాశ్చాత్య వాద్యం మీద కర్ణాటక సంగీతం పలకదని కాదు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఆ మాట అబద్ధమని చిన్నతనంలోనే చూపించాడు. కానీ అతను ఎలక్ట్రిక్ మాండొలిన్‌కు తీగలు మార్చి, దానికి జీవితం ధారపోశాడు. క్లబ్‌కు వచ్చేవారు శనివారం సాయంత్రం ధారపోయగలరు, అంతే.

శంకరాభరణంలో గమకం లేకుండా నడిచే పాటలు మాత్రం ఉకులేలేకు కొలిచి కుట్టినట్టుంటాయి. అవి మన దగ్గరే ఉన్నాయి. ముత్తుస్వామి దీక్షితులు ఈస్టిండియా కంపెనీ బ్యాండ్ల ద్వారా చెవిన పడిన పాశ్చాత్య వరుసలకు సంస్కృత సాహిత్యం రాసి నొట్టుస్వరాలు చేశాడు. వాటిలో 'శ్యామలే మీనాక్షి' వరుస, ఇంగ్లిష్ మీడియం పిల్లలు పాడే 'ట్వింకిల్ ట్వింకిల్' వరుస ఒకటే. సి, ఎఫ్, జీ సెవెన్ మూడు కార్డులతో మొత్తం పాట అయిపోతుంది. అమ్మమ్మ కీర్తన పాడుతుంటే మనవరాలు ట్వింకిల్ అనుకుని వాయించవచ్చు, ఎవరూ తప్పు కాదు. లాలిపాటలు, జానపదాల్లో తేలికైన వరుసలు, మేజర్ స్కేల్లో నడిచే పాత సినిమా పాటలు ఆ తర్వాత. మొదటి మూడు నెలలూ పది పాటలు దాటకూడదు. కొత్త పాట పుస్తకంలోకి రావాలంటే ఏదో ఒక పాత పాట బయటికి పోవాలన్న నియమం పెట్టుకుంటే వేగం, లావు రెండూ అదుపులో ఉంటాయి.

ఇక శృతి. తెలుగు గుంపుల్లో చాలా గొడవలకు మూలం ఇదే. సి అంటే మన లెక్కలో ఒకటి శృతి. మగవారికి ఒకటి, ఒకటిన్నర, రెండు హాయిగా ఉంటాయి. ఆడవారు ఎక్కువగా ఐదు, ఐదున్నర, ఆరులో పాడతారు. అన్ని పాటలూ సి లోనే వాయిస్తూ పోతే సగం మంది కీచుగా అరవాలి, లేదా లోగొంతుకలో గొణగాలి. రెండు దారులున్నాయి. జి, సి, డి సెవెన్ కార్డులు నేర్చుకుంటే అవే పాటలు ఐదు శృతిలోకి వస్తాయి. లేదంటే మెడకు కాపో అనే బిగింపు క్లిప్పు తగిలించాలి. రెండో మెట్టు మీద పెడితే సి పట్టిన వేళ్లతోనే రెండు శృతి పలుకుతుంది. పాట మొదలుపెట్టే ముందు గుంపులో అందరికన్నా తక్కువ శృతిలో పాడేవారినీ, ఎక్కువ శృతిలో పాడేవారినీ ఒక్కో చరణం పాడించి, మధ్యలో ఉన్న శృతి తేల్చుకోవాలి. కాగితం పైన ఆ శృతి అంకె పెద్దగా రాసి పెట్టాలి.

నెల తిరిగేసరికి ఒకరిద్దరు మిగతావారి కన్నా బాగా ముందుకు పోతారు, అది అన్ని గుంపుల్లోనూ జరిగేదే. వాళ్లకు ముందు కుర్చీ ఇచ్చి సోలోలు వాయించమంటే మిగిలినవారు చేతులు దించుకుని వింటూ కూర్చుంటారు. వాళ్లను ఆ వారం కొత్తగా వచ్చినవారి పక్కన, ఎడమచేయి కనపడేలా కూర్చోబెట్టి, పాటను మామూలు కన్నా నెమ్మదిగా ఎత్తుకోమని చెప్పాలి.